వ్యవసాయ విస్తరణలో ఆర్థిక పదజాలం: దేనిపై, ఎంత కాలానికి, ఏయే ఖర్చులతో?

వరికి ఎకరాకు ఎంత నత్రజని వేయాలో చెప్పేటప్పుడు శాస్త్రవేత్తలు మాటను ఆచితూచి వాడతారు. కిలో నత్రజని వేరు, కిలో యూరియా వేరు. యూరియాలో నత్రజని 46 శాతమే కాబట్టి, ఈ రెండు మాటలను ఒకటిగా అర్థం చేసుకున్న రైతు పొలానికి సిఫారసు చేసిన పోషకంలో సగం కూడా చేరదు. అందువల్లనే ప్రతి సిఫారసులోనూ ఏ రూపంలో, ఎంత విస్తీర్ణానికి, ఏ దశలో అన్న వివరాలు తప్పనిసరిగా ఉంటాయి.

వడ్డీ, పెట్టుబడి, రాయితీ, బీమా, నికర ఆదాయం అనే మాటల విషయంలో ఇంతటి జాగ్రత్త సాధారణంగా కనిపించదు. అవి బ్యాంకు అధికారులకో, వ్యవసాయ ఆర్థిక శాస్త్ర విభాగానికో సంబంధించినవన్న భావన విస్తరణ రంగంలో బలంగా ఉంది. అయితే సిఫారసును ఆచరించాలా వద్దా అన్న రైతు నిర్ణయం చివరకు ఈ మాటలపైనే ఆధారపడుతుంది. ఏ ఆర్థిక పదం ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకుంటే దాని అసలు అర్థం తేటపడుతుంది. ఈ అంకె దేనిపై లెక్కించినది? ఎంత కాలానికి? ఇందులో ఏయే ఖర్చులు కలిశాయి, ఏవి కలవలేదు? రైతులకు నిత్యం ఎదురయ్యే కొన్ని పదాలను ఈ మూడు ప్రశ్నలతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. లెక్కలలోని మొత్తాలు సులభంగా అర్థమయ్యేందుకు ఎంచుకున్న ఉదాహరణలే గాని క్షేత్ర గణాంకాలు కావు.

వడ్డీ: శాతం కంటే ముందు కాలం

గ్రామాలలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. బ్యాంకులలో సంవత్సరానికి ఇంత శాతమని చెబుతారు. ‘రెండు రూపాయల వడ్డీ’, ‘ఏడు శాతం వడ్డీ’ అన్న మాటలు పక్కపక్కన వినిపించినప్పుడు మొదటిది చిన్నదిగా తోస్తుంది. కాని నెలకు రెండు రూపాయలంటే సంవత్సరానికి 24 శాతం. లక్ష రూపాయల అప్పుపై ఏడాదికి మొదటి పద్ధతిలో 24,000 రూపాయలు, రెండవ పద్ధతిలో 7,000 రూపాయలు వడ్డీ అవుతుంది.

రెండవ అంశం బారువడ్డీకి, చక్రవడ్డీకి గల తేడా. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలపరిమితి ఉన్నందున గడువు దాటకముందే నోటును తిరగరాయడం వాడుక. రెండు రూపాయల బారువడ్డీకి తీసుకున్న లక్ష రూపాయలు మూడేళ్లకు 1,72,000 అవుతాయి. నోటు తిరగరాసినప్పుడు ఈ మొత్తమే కొత్త అసలుగా మారితే, ఆరేళ్లకు అప్పు 2,95,840 రూపాయలకు చేరుతుంది. అసలు మారకుండా ఉంటే అది 2,44,000 మాత్రమే. నోటులో ‘బారువడ్డీ’ అనే ఉన్నా, తిరగరాయడం వల్ల అది చక్రవడ్డీగా మారి 51,840 రూపాయల అదనపు భారం ఏర్పడింది. ఇందుకు భిన్నంగా, చిన్న, సన్నకారు రైతుల స్వల్పకాలిక వ్యవసాయ రుణాలలో మొత్తం వడ్డీ అసలుకు మించరాదని రిజర్వు బ్యాంకు నిబంధన బ్యాంకులకు హద్దు విధించింది. వ్యవసాయ రుణాలపై వడ్డీ కలిపే కాలాన్ని కూడా పంట కాలంతో ముడిపెట్టింది.

మూడవది, యంత్రాల కొనుగోలులో తరచుగా వినిపించే ‘ఫ్లాట్ వడ్డీ’. లక్ష రూపాయల అప్పును 10 శాతం ఫ్లాట్ వడ్డీతో ఐదు వార్షిక వాయిదాలలో చెల్లించాలంటే వాయిదాకు 30,000 రూపాయలు. ప్రతి వాయిదాతోనూ అసలు కొంత తీరుతున్నా వడ్డీని మాత్రం ఐదేళ్లూ పూర్తి లక్షపైనే లెక్కిస్తారు. తగ్గుతున్న బాకీపై లెక్కిస్తే ఇదే అప్పు వడ్డీ రేటు 15 శాతం దాటుతుంది. ‘దేనిపై’ అన్న ప్రశ్న వేయని రైతు 12 శాతం తగ్గింపు బాకీ రుణాన్ని కాదని, 10 శాతం ఫ్లాట్ రుణాన్ని చవకైనదిగా ఎంచుకునే ప్రమాదం ఉంది.

రాయితీ, వాయిదా, మాఫీ

ఈ మూడు మాటలను ఒకదాని బదులు మరొకటి వాడడం వల్ల కలిగే నష్టం ఎక్కువ. వడ్డీ రాయితీ అంటే వడ్డీలో కొంత భాగాన్ని ప్రభుత్వం భరించడం. 2006-07 నుంచి అమలులో ఉన్న కేంద్ర వడ్డీ రాయితీ పథకం కింద నిర్ణీత పరిమితి వరకు పంట రుణం 7 శాతం వడ్డీకి లభిస్తుంది. ఏళ్ల తరబడి ఈ పరిమితి 3 లక్షల రూపాయలుగా ఉంది. గడువులోగా చెల్లించిన వారికి మరో 3 శాతం ప్రోత్సాహకం లభించి, వాస్తవ వడ్డీ 4 శాతానికి దిగుతుంది. తెలుగు రాష్ట్రాల రైతులకు పరిచితమైన ‘సున్నా వడ్డీ’, ‘వడ్డీలేని రుణం’ అన్న మాటలకు కూడా సకాలంలో చెల్లించడమే షరతు. గడువు తేదీ దాటితే ప్రోత్సాహకం పోవడమే కాక, ఆ తరువాతి కాలానికి బ్యాంకు సాధారణ వడ్డీ రేటు వర్తిస్తుంది. కాబట్టి ‘నాలుగు శాతం రుణం’ అని చెప్పేటప్పుడు గడువు తేదీని కూడా చెప్పకపోతే సమాచారం సగమే అందినట్లు.

వాయిదా, అంటే మారటోరియం, చెల్లింపు తేదీని ముందుకు జరుపుతుంది గాని వడ్డీని ఆపదు. 2020లో కోవిడ్ కారణంగా రిజర్వు బ్యాంకు అనుమతించిన ఆరు నెలల మారటోరియంలోనూ వడ్డీ నడుస్తూనే ఉంది. రీషెడ్యూల్ అంటే స్వల్పకాలిక రుణాన్ని ఎక్కువ వాయిదాలలో తీర్చేలా మార్చడం. ఇందులోనూ అప్పు అలాగే ఉంటుంది.

మాఫీ అంటే అప్పును రద్దు చేయడం. ఇక్కడ కూడా పథకపు మాటలను నిశితంగా చదవాలి. 2008 నాటి జాతీయ పథకం పేరులోనే రుణ మాఫీ, రుణ ఉపశమనం అన్న రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి. చిన్న, సన్నకారు రైతులకు అర్హమైన మొత్తం మాఫీ అయింది. ఇతర రైతులకు 75 శాతం చెల్లిస్తే మిగిలిన 25 శాతం తగ్గింపు లభించింది. ‘ఉపశమనం’ అన్న మాటను ‘మాఫీ’గా అర్థం చేసుకుని చెల్లింపు నిలిపివేస్తే ఆ 25 శాతం ప్రయోజనం కూడా అందదు.

రుణ పరిమితి, హామీ, బకాయి

పంట రుణం ఎంత ఇవ్వాలన్నది ‘స్కేల్ ఆఫ్ ఫైనాన్స్’ నిర్ణయిస్తుంది. ఇది జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ పంటల వారీగా ఎకరాకు ఖరారు చేసే మొత్తం. 1998-99లో ప్రారంభమైన కిసాన్ క్రెడిట్ కార్డు విధానంలో మొదటి ఏడాది పరిమితికి ఇదే పునాది. ఎకరాకు 40,000 రూపాయల స్కేల్ ఉన్న పంటను రెండెకరాలలో వేసే రైతుకు 80,000, కోత అనంతర, గృహ అవసరాలకు 10 శాతం కింద 8,000, వ్యవసాయ ఆస్తుల నిర్వహణకు 20 శాతం కింద 16,000 కలిపి 1,04,000 రూపాయలు వస్తాయి. బీమా ప్రీమియం దీనికి అదనం. ఈ పరిమితి మొత్తాన్ని ఒకేసారి తీసుకోవలసిన అవసరం లేదు. వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే వడ్డీ పడుతుంది. ఎరువుల కోసం అవసరమైనప్పుడు తీసుకుని, పంట అమ్మిన వెంటనే జమచేసే రైతుకు, జూన్‌లోనే మొత్తం తీసుకున్న రైతుకు వడ్డీ రేటు ఒకటే అయినా వడ్డీ భారం ఒకటి కాదు.

హామీకి సంబంధించి మూడు మాటలు గమనించాలి. భూమిని హామీగా చూపితే తనఖా. బంగారం లేదా గిడ్డంగి రశీదును రుణదాత స్వాధీనం చేస్తే తాకట్టు. పంట, ట్రాక్టరు వంటివి రైతు దగ్గరే ఉండి, వాటిపై రుణదాతకు హక్కు ఏర్పడితే హైపోథికేషన్. హైపోథికేషన్‌లో ఉన్న ట్రాక్టరు రైతు పెరట్లోనే ఉన్నా, బ్యాంకు అనుమతి లేకుండా దానిని అమ్మే అధికారం రైతుకు లేదు. 2025 జనవరి 1 నుంచి రైతుకు 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ రుణాలకు అదనపు హామీ అవసరం లేదని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. అంతకుముందు ఈ పరిమితి 1.60 లక్షలు.

‘మార్జిన్’ అన్న మాట గిడ్డంగి రశీదు రుణాలలో కీలకం. గుంటూరు ప్రాంతంలో మిర్చిని శీతల గిడ్డంగులలో నిల్వచేసి రశీదుపై అప్పు తీసుకోవడం పరిపాటి. 2 లక్షల రూపాయల సరుకుపై 30 శాతం మార్జిన్ ఉంచితే అప్పు 1,40,000 లభిస్తుంది. ధర పావు వంతు పడిపోతే సరుకు విలువ 1,50,000 అవుతుంది. 60,000 రూపాయల మార్జిన్ 10,000కు కుదించుకుపోతుంది. అప్పుడు రుణదాత అదనపు సొమ్ము కోరవచ్చు. 12 శాతం వడ్డీకి ఆరు నెలలకు 8,400 రూపాయలు, దానికి తోడు గిడ్డంగి అద్దె, తూకంలో తరుగు ఉంటాయి. ‘ధర వచ్చే వరకు నిల్వచేయండి’ అన్న సలహా ఇచ్చే ముందు, ధర కనీసం ఎంత పెరిగితే ఈ ఖర్చులు తీరుతాయో లెక్కించి చెప్పాలి.

ఇక బకాయి. ఇతర రుణాలు 90 రోజులు మీరితే నిరర్థక ఆస్తిగా, అంటే మొండి బకాయిగా, పరిగణిస్తారు. స్వల్పకాలిక పంటల రుణాలకు మాత్రం గడువు తేదీ తరువాత రెండు పంట కాలాలు, ఏడాదికి మించిన దీర్ఘకాలిక పంటలకు ఒక పంట కాలం దాటే వరకు వెసులుబాటు ఉంది. అయితే ఇది బ్యాంకు ఖాతాల వర్గీకరణకు సంబంధించిన గడువు. వడ్డీ రాయితీ గడువు అంతకు ఎంతో ముందే ముగుస్తుంది. ఈ రెండు గడువులు ఒకటేనని భ్రమించరాదు.

బీమా: నష్టాన్ని దేనితో పోలుస్తారు?

2016 ఖరీఫ్‌లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో రైతు వాటా ప్రీమియం ఖరీఫ్ ఆహార, నూనెగింజ పంటలకు బీమా మొత్తంలో 2 శాతం, రబీలో 1.5 శాతం, వార్షిక వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. రాష్ట్రం ఆ ఏడాది పథకంలో ఉన్నదీ లేనిదీ తాజా ఉత్తర్వులో చూసుకోవాలి.

పరిహారం విషయంలో అసంతృప్తికి ప్రధాన కారణం ‘ప్రారంభ దిగుబడి’ అన్న పదం. గత ఏడేళ్లలో మెరుగైన ఐదేళ్ల సగటు దిగుబడిని పరిహార స్థాయితో, అంటే 70, 80 లేదా 90 శాతంతో, గుణిస్తే వచ్చేదే ఇది. సగటు 25 క్వింటాళ్లు, పరిహార స్థాయి 80 శాతం అయితే ప్రారంభ దిగుబడి 20 క్వింటాళ్లు. ఈ ఏడాది 15 క్వింటాళ్లే పండితే రైతు దృష్టిలో నష్టం పది క్వింటాళ్లు. బీమా లెక్కలో ఐదు. బీమా మొత్తం 36,000 రూపాయలైతే ఇరవైలో ఐదు వంతులు, అంటే 9,000 రూపాయలు పరిహారంగా వస్తుంది. పైగా ఆ 15 క్వింటాళ్లు రైతు సొంత పొలంలోనివి కావు, బీమా యూనిట్‌లో జరిపిన పంట కోత ప్రయోగాల సగటు. ఈ సంగతి ప్రీమియం కట్టే నాడే తెలిసిన రైతు, బీమాను పూర్తి నష్టపరిహారంగా గాక పాక్షిక రక్షణగా చూసి తన ఏర్పాట్లు తాను చేసుకుంటారు.

సాగు ఖర్చు: ఏవి కలిపారు?

వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ సాగు ఖర్చును పలు విధాలుగా లెక్కిస్తుంది. రైతు చేతి నుంచి వెచ్చించిన ఖర్చులు, కౌలుకు తీసుకున్న భూమికి చెల్లించిన కౌలు కలిస్తే ఏ2. దానికి కుటుంబ శ్రమ విలువ చేరిస్తే ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్. సొంత భూమి కౌలు విలువ, సొంత స్థిర పెట్టుబడిపై వడ్డీ కూడా లెక్కలోకి తీసుకుంటే సీ2. మద్దతు ధర ఖర్చుకు ఒకటిన్నర రెట్లు ఉండాలన్న విధానాన్ని 2018-19 బడ్జెట్ ప్రకటించినప్పుడు తలెత్తిన చర్చ అంతా ఈ మూడింటిలో దేనికి ఒకటిన్నర రెట్లన్నదే. ప్రభుత్వం ఏ2 ప్లస్ ఎఫ్‌ఎల్‌ను ఆధారంగా తీసుకుంది. రైతు సంఘాలు సీ2ను కోరుతున్నాయి. అంకె ఒకటే అయినా ఆధారం మారితే ధర మారుతుంది.

పరిశోధనా ఫలితాలలో ఆదాయ వ్యయ నిష్పత్తి

ఇదే ప్రశ్న వ్యవసాయ పరిశోధనకూ వర్తిస్తుంది. సస్యశాస్త్ర ప్రయోగ ఫలితాలలో ఆదాయ వ్యయ నిష్పత్తి దాదాపు తప్పనిసరి పట్టిక. అయితే వ్యయంలో ఏయే అంశాలు చేరాయో పట్టిక కింద రాయడం అరుదు. ఉపకరణాలు, కూలీ, యంత్రాల అద్దె మాత్రమే చేర్చి, కౌలును, వడ్డీని వదిలివేసిన నిష్పత్తి సొంత భూమి, సొంత డబ్బు ఉన్న రైతుకే సరిపోతుంది.

ఎకరాకు స్థూల ఆదాయం 60,000, సాగు ఖర్చు 35,000 రూపాయలు అయిన ఒక సాంకేతికతను తీసుకుందాం. నికర ఆదాయం 25,000. నిష్పత్తి 1.71. దీనిని కౌలు రైతు ఆచరించారనుకుందాం. కౌలు 20,000 ముందే చెల్లించాలి. మొత్తం 55,000 రూపాయలను రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలకు తెచ్చుకుంటే వడ్డీ 6,600. ఖర్చు 61,600 అవుతుంది. నిష్పత్తి 0.97కు దిగి, కుటుంబ శ్రమను లెక్కించకముందే 1,600 రూపాయల నష్టం మిగులుతుంది. సాంకేతికత మారలేదు, దిగుబడి మారలేదు. లాభదాయకమని ప్రచురితమైన సిఫారసు ఒక వర్గం రైతులకు అప్పుగా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డులు, ఉమ్మడి బాధ్యతా సంఘాలు కౌలు రైతులకు బ్యాంకు రుణం అందించేందుకు ఉద్దేశించినవే. ఆ రుణం అందిందా లేదా అన్నది సాంకేతికత జయాపజయాలను ప్రభావితం చేస్తుందని ఈ లెక్క చెబుతోంది. ఇదే 55,000 రూపాయలు 7 శాతం వడ్డీకి దొరికితే ఆరు నెలలకు వడ్డీ 1,925 మాత్రమే. నష్టం పోయి, స్వల్పంగానైనా మిగులు కనిపిస్తుంది.

నిష్పత్తిని మాత్రమే చూడడంలో మరొక లోపం ఉంది. మొదటి విధానంలో ఖర్చు 30,000, ఆదాయం 54,000. రెండవ దానిలో ఖర్చు 40,000, ఆదాయం 66,000. నికర ఆదాయం ప్రకారం రెండవది మేలు, నిష్పత్తి ప్రకారం మొదటిది మేలు. నిజానికి రైతు అడిగే ప్రశ్న వేరు: అదనంగా పెట్టే పది వేలకు అదనంగా ఏమి మిగులుతుంది? అదనపు ఆదాయం 12,000, మిగులు 2,000. అంటే ఉపాంత రాబడి రేటు 20 శాతం. రెండు రూపాయల వడ్డీకి ఆరు నెలలకు 1,200 పోతే చేతికి 800 వస్తుంది. ఒక్క వాన తప్పినా అదీ మిగలదు. అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధనా కేంద్రమైన సిమ్మిట్ 1988లో వెలువరించిన శిక్షణ పుస్తకం, రైతులు కొత్త పద్ధతిని స్వీకరించాలంటే ఈ రేటు సాధారణంగా కనీసం 50 నుంచి 100 శాతం ఉండాలని సూచించింది. ఈ ప్రమాణంతో చూస్తే రెండవ విధానం సిఫారసుకు నిలవదు.

దీర్ఘకాలిక పెట్టుబడి

ఆయిల్ పామ్, మామిడి వంటి తోటలలో లాభం కంటే నగదు ప్రవాహం ముఖ్యం. లాభం మొత్తం కాలానికి సంబంధించిన లెక్క. నగదు ప్రవాహం ఏ నెలలో ఎంత వస్తుంది, ఎంత పోతుంది అన్న లెక్క. ఆయిల్ పామ్‌లో సుమారు మొదటి మూడు, నాలుగేళ్లు గెలల ఆదాయం ఉండదు. ఆ మధ్యకాలంలో ఇల్లు గడిచే దారి అంతర పంటలా, మరొకటా అన్నది నాటకముందే తేలాలి. నాలుగేళ్ల తరువాత వచ్చే లక్ష రూపాయలు, 12 శాతం డిస్కౌంట్ రేటుతో, నేటి సుమారు 63,500 రూపాయలకు సమానం. ఈ విధంగా భవిష్యత్ ఆదాయాలను, ఖర్చులను నేటి విలువకు మార్చి, ఆదాయం నుంచి ఖర్చు తీసివేస్తే వచ్చేది నికర వర్తమాన విలువ. ఏళ్ల ఆదాయాలను నేరుగా కూడి చూపే పట్టికలు తోట లాభాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతాయి.

రైతు ఉత్పత్తిదారుల సంస్థలలో పెట్టే డబ్బుకూ ఇదే స్పష్టత కావాలి. అది వాటా ధనం, డిపాజిట్ కాదు. దానిపై రాబడికి హామీ లేదు. ఉత్పత్తిదారుల కంపెనీలో వాటాపై పరిమిత రాబడి ఒకటి, సంస్థతో జరిపిన లావాదేవీల మేరకు అందే బోనస్ మరొకటి. సరుకును సంస్థ ద్వారా అమ్మని సభ్యునికి రెండవది రాదు.

ఆచరణలో

విస్తరణ శాస్త్రవేత్త బ్యాంకరుగా మారవలసిన అవసరం లేదు. రుణ నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి తాజా రేట్లకు బ్యాంకును సంప్రదించాలని చెప్పడమే ఉచితం. అయినా వారి పరిధిలో చేయదగినవి ఉన్నాయి. ప్రచురించే ప్రతి ఆదాయ వ్యయ పట్టిక కింద ఏ ఖర్చులు చేరాయో, కౌలు, వడ్డీ, కుటుంబ శ్రమ ఉన్నాయో లేవో ఒక వాక్యంలో రాయవచ్చు. సొంత రైతుకు, కౌలు రైతుకు రెండు వరుసలుగా నికర ఆదాయం చూపవచ్చు. అదనపు ఖర్చు కోరే సిఫారసుకు ఉపాంత రాబడి రేటును జతచేయవచ్చు. ఏరువాక కేంద్రాల, కృషి విజ్ఞాన కేంద్రాల సదస్సులలో రుణ గడువు తేదీని పంట క్యాలెండర్‌లోనే ఒక పనిగా చేర్చవచ్చు.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో గ్రామాలలో గడిపే విద్యార్థులు ఒక రైతు కుటుంబపు అప్పులన్నిటినీ వార్షిక శాతంలోకి మార్చి పట్టికగా రాస్తే, పాఠ్యపుస్తకం చెప్పని సంగతులు కొన్ని తెలుస్తాయి. ఏ రైతు ఏ సిఫారసును ఎందుకు పక్కన పెట్టారన్న ప్రశ్నకు జవాబు తరచుగా ఆ పట్టికలోనే దొరుకుతుంది.